వాకిట్లో పడుకున్నవాళ్ళు

పాస్టరు గారు టోపీలో చెయ్యిపెట్టి తెల్ల గవ్వ తీసి మా పడమటూరు వైపు చూపించగానే మావాళ్ళంతా "హమ్మయ్య" అన్నారు. తూర్పూరు వాళ్ళ ముఖాలు మాత్రం చూసి తీరాల్సిందే. వాళ్ళ తరఫున మాట్లాడే ఇయోతియా పెద్దాయన అయితే నెత్తిన చెయ్యి పెట్టుకుని, "ఇదెక్కడి ఖర్మ ప్రభువా! ఈ వయసులో నా నోట ఈ మాటలు పలికిస్తావా?" అని పైకే అనేశాడు.

సంగతేమిటంటే, ఆ ఏడు పెద్ద దీవి రారోటోంగాలో పార్లమెంటు వాళ్ళు ఒక పాత చట్టాన్ని పట్టుకుని కూర్చున్నారు. మగవాడూ మగవాడూ మొగుడూ పెళ్ళాల్లా ఉంటే జైలు అని రాసిన చట్టం. తీసెయ్యాలని కొందరు, వద్దని కొందరు. రేడియో పెడితే అదే గోల, ఓడ దిగినవాడి నోట అదే గోల. మా పాస్టరు గారికి ఏం తోచిందో ఏమో, "ఎలాగూ కొట్టుకుంటూనే ఉన్నారు, ఆ కొట్టుకునేదేదో పద్ధతిగా కొట్టుకోండి" అని ఆ ఏటి ఉవాపౌకి అదే విషయం పెట్టేశారు.

ఉవాపౌ అంటే మాకు పండగే. రెండు ఊళ్ళూ కొత్త బట్టలు వేసుకుని చర్చి చావడిలో ఎదురెదురుగా కూర్చుంటాయి. ఒక ఊరు పాడితే ఇంకో ఊరు దాన్ని మించి పాడుతుంది. ఆ తర్వాత వాదన. ఎవరు ఏ వైపు మాట్లాడాలో గవ్వ చెప్తుంది, మన మనసులో ఏముందో దానికి పనిలేదు. ఆ వాదనకి మా దీవిలో ఒక కట్టుబాటుంది. ఎంత గొప్ప మాటైనా చెప్పుకో, రుజువు మాత్రం నీ సొంత ఇంట్లోంచే చూపించాలి. పక్కింటి కథలు చెల్లవు. ఆ ఇంటి గురించి ఎదుటివాడు ఏం అడిగినా జరిగింది జరిగినట్టు చెప్పాలి. రేపు చేస్తాను, ఎల్లుండి ఇస్తాను అంటే ఒప్పుకోరు. జవాబు లేనివాడు కూర్చోవాలి. వాడు కూర్చుంటే వాడి ఊరు మొత్తం గెలిచిన ఊరికి వడ్డించి, చివర్లో మిగిలింది తినాలి.

మా అకైతి అవ్వ ఎప్పుడూ మిగిలింది తిన్న మనిషి కాదు. ఆవిడ లేచి, కొబ్బరి ఈనెల టోపీ సర్దుకుని, "ఒక చిన్న సందేహం అడగనా నాయనా?" అందంటే అవతలివాడికి అప్పుడే చెమటలు పట్టేవి. అలాంటి మనిషికి ఈసారి గవ్వ కూడా కలిసొచ్చింది. చట్టం ఉండాల్సిందే అన్నది మా వైపు. దీవిలో ఎవర్ని నిద్రలేపి అడిగినా చెప్పే మాటే. ఇంకేం కావాలి!

కానీ ఆ సాయంత్రం ఇంటికి నడుస్తున్న అవ్వ ముఖంలో సంతోషం లేదు. కారణం ఆవిడకీ, ఆవిడ తమ్ముడు పొకీనోకీ, ఇంకొక్కరికీ తప్ప ఎవరికీ తెలీదు.

ఆ ఇంకొకరు తురోవా. పడుచువాడుగా ఉన్నప్పుడు ఓడలో వంటవాడిగా మణిహికీ దీవి నుంచి వచ్చాడు. ఓడ వెళ్ళిపోయింది, అతను ఉండిపోయాడు. అవ్వ ఇంటి వెనక పొకీనో ఇల్లు. ఆ ఇంట్లోనే రొట్టెల పొయ్యి పెట్టుకున్నాడు, ఆ ఇంట్లోనే ముసలివాడయ్యాడు. పొకీనో పెళ్ళి చేసుకోలేదు, తురోవా చేసుకోలేదు. ఎవరూ ఏమీ అడగలేదు, వాళ్ళూ ఏమీ చెప్పలేదు. ఊళ్ళో అందరూ వాళ్ళని "ఆ ఇద్దరూ" అంటారు, అంతే. ఇప్పుడు తురోవా ఊపిరితిత్తులకి నీరు పట్టింది. ఇంక ఆసుపత్రుల చుట్టూ తిప్పొద్దని డాక్టరు చెప్పేశాడు.

గవ్వ తీయడానికి కొద్ది రోజుల ముందు పొకీనో అక్క దగ్గరికి వచ్చి, గుమ్మంలో నిలబడే అడిగాడు.

"అక్కా, తురోవాకి వాకిట్లో చోటు కావాలి. నా చోటు పక్కన."

మా దీవిలో వాకిలంటే మావాళ్ళు పడుకునే చోటు. అమ్మ, నాన్న, తాత అందరూ ఇంటి ముందే, సున్నం కొట్టిన సమాధుల్లో. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వాళ్ళని పలకరించుకుంటాం. ఆ వాకిలి కుటుంబం మొత్తానిది. కుటుంబానికి పెద్ద అకైతి అవ్వ. ఆవిడ ఊ అంటే ఉన్నట్టు, ఊహూ అంటే లేనట్టు.

"అతను మనవాడు కాదు కదరా," అంది అవ్వ. "మణిహికీలో వాళ్ళవాళ్ళు ఉండరూ?"

"ఉంటే ఎవరో అతనికే తెలీదు. వచ్చి ఎన్నాళ్ళయింది!"

"ఆక్లండ్‌లో ఉన్న మనవాళ్ళు ఏమంటారో... ఎవరని చెప్పి పెడతాం రా? రేపు రాయి మీద ఏమని రాస్తాం?"

పొకీనో మాటలు పొదుపుగా వాడే మనిషి. అక్క ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"సరే, ఉవాపౌ కానీ. అయ్యాక చూద్దాం," అంది అవ్వ.

ఉవాపౌకీ సమాధికీ సంబంధం ఏమిటి? ఏమీ లేదు. వాయిదా వేద్దామనుకునే మనిషికి సాకు కావాలి, దొరికింది. పొకీనో తల ఊపి పందులకి మేత వెయ్యడానికి వెళ్ళిపోయాడు. ఆ తల ఊపడం అవ్వకి మర్నాడు కూడా కళ్ళముందు కనిపిస్తూనే ఉంది.

వాదనకి ముందు ఊరంతా తిరిగి అడగడం అవ్వ పద్ధతి. సంచీ నిండా మామిడిపళ్ళు వేసుకుని బయల్దేరుతుంది. పండు ఇచ్చి ప్రశ్న అడుగుతుంది. ముందు పాస్టరు గారి ఇంటికే వెళ్ళింది.

"ఇందులో అడగడానికేముంది అవ్వా," అన్నారు పాస్టరు గారు పండు తొక్క తీస్తూ. "వాక్యంలో తప్పని ఉంది కదా."

"వాక్యంలో పంది తినడం తప్పని కూడా ఉంది. మీ అబ్బాయి పుట్టినరోజుకి ఎన్ని పందులు కోశారో ఊరంతా చూసింది. నేను వాక్యం ఎత్తితే ఆ ఇయోతియా పందిని ఎత్తుతాడు. నేనేం చెప్పను?"

పాస్టరు గారికి నవ్వొచ్చింది. "పంది సంగతి పాత నిబంధనది, అది పోయింది. ఇది కొత్త నిబంధనలోనూ ఉంది."

"సరే, ఉంది. జైల్లో వెయ్యమని ఎక్కడుంది?"

"జైలంటే... జైలు మాట లేదనుకో."

"మరి పాపమని చెప్పడం మీ పని, తాళం వెయ్యడం పోలీసు పని. రెండూ ఒకటెలా అయ్యాయి?"

"అవ్వా, నువ్వసలు ఏ వైపు మాట్లాడుతున్నావ్?" అన్నారాయన, పండు పక్కన పెట్టేసి.

"మా వైపే! పుచ్చకాయ కొనేముందు తట్టి చూడమూ? అలా తట్టి చూస్తున్నా."

పాస్టరు గారు చెడ్డవాడేం కాదు. అవ్వని గేటు దాకా సాగనంపుతూ, "నాకూ కొన్ని తెలీవు అవ్వా. కానీ ప్రతి అడ్డూ తీసేసుకుంటూ పోతే చివరికి మనదంటూ ఏం మిగుల్తుంది అనిపిస్తుంది నాకు. నా భయం అది," అన్నారు. ఆ మాట అవ్వకి నచ్చింది. ఇందాకటి వాక్యం మాట కంటే గట్టిగా ఉందనుకుంది.

అక్కణ్ణించి బొంతలు కుట్టే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. చాపల మీద పెద్ద పూల బొంత పరుచుకుని నలుగురూ నాలుగు మూలలా కుడుతున్నారు. అవ్వ ప్రశ్న వినగానే సూదులు ఆగాయి, నోళ్ళు లేచాయి.

"పిల్లలు చూసి నేర్చుకుంటారు," అంది ఒకావిడ.

"మీ పిల్లలంతా తురోవా రొట్టె తిని పెరిగినవాళ్ళే. రోజూ ఆ ఇంటికి వెళ్ళొచ్చేవాళ్ళు. ఏం నేర్చుకున్నారే?"

"రొట్టె చెయ్యడం కూడా నేర్చుకోలేదు వెధవలు!" అని ఇంకొకావిడ అనేసరికి అందరూ పగలబడి నవ్వారు.

"ఇదంతా తెల్లవాళ్ళ తెగులు, మనకెందుకు?" అంది మూడో ఆవిడ. దానికి బడిలో పంతులమ్మగా చేసి మానేసినావిడ తల ఎత్తకుండానే, "ఆ చట్టం రాసింది కూడా తెల్లవాళ్ళేనమ్మా. పైగా అందులో మగవాళ్ళ మాటే ఉంది, ఆడవాళ్ళ ఊసే లేదు," అంది.

"అంటే? ఆడవాళ్ళు ఏం చేసినా పరవాలేదనా?"

"ఆడవాళ్ళు ఏమైనా చెయ్యగలరని ఆ దొరలకి తట్టి ఉండదు!"

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లోనే మొదటావిడ దారం కొరుకుతూ అంది: "నవ్వండి, నవ్వండి. ఇవాళ జైలు వద్దంటారు. రేపు పెళ్ళి చెయ్యమంటారు. ఎల్లుండి నేలలో చోటు ఇమ్మంటారు. అప్పుడు నవ్వుదురు గాని."

అవ్వ నవ్వు అక్కడే ఆగిపోయింది. పళ్ళ సంచీ భుజాన వేసుకుని లేచింది.

చివరికి వెనకింటికే వెళ్ళింది. తురోవా వరండాలో వీపుకి తలగడలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పొయ్యి దగ్గర పొకీనో పిండితో కుస్తీ పడుతున్నాడు. అతని చేతిలో రొట్టె రాయిలా వస్తోందని ఊరంతా గొణుగుతోంది గానీ, పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు.

"ఏమయ్యా, ఊపిరి ఎలా ఉంది?"

"వస్తోంది, పోతోంది. దాని పనే అది కదా అక్కా." తురోవా మొదట్నించీ ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తాడు. అవ్వ మాత్రం అతన్ని ఏమయ్యా అంటుంది. అంతకు మించి పిలుపేదీ ఆవిడకి దొరకలేదు.

"నీతో పనిపడింది. నేను చెప్పే మాట ఒక్కోటీ విని, పడగొట్టగలవేమో చూడు."

తురోవాకి నవ్వొచ్చి, నవ్వు దగ్గయి, దగ్గు తగ్గడానికి కాసేపు పట్టింది. "నామీద వాదించడానికి సాయం నన్నే అడుగుతున్నావా? నీకు తప్ప ఎవరికీ రాదు ఈ బుద్ధి!"

"నీకంటే బాగా తెలిసినవాడు ఎవడున్నాడు మరి? విను. ఆ చట్టం కింద మన దీవిలో ఎవర్నీ ఎప్పుడూ జైల్లో వెయ్యలేదు. వాడని చట్టం ఉంటే ఏం, పోతే ఏం?"

"మీ కుక్క ఉంది కదా, అది కరుస్తుందా?"

"నా కుక్కా? అబ్బే, దానికి పళ్ళే లేవు."

"నాకూ తెలుసు. అయినా ఇన్నేళ్ళుగా నువ్వు వాకిట్లో ఉన్నావో లేదో చూసుకునే అటు వస్తా. గొలుసు నీ చేతిలో ఉంది, పిక్క నాది."

అవ్వ తల ఊపింది. ఓడిపోతే ఒప్పుకునే గుణం ఆవిడకి ఇంట్లో ఉంది, చావడిలోనే లేదు. కాసేపాలోచించి, కుర్చీ ముందుకి జరుపుకుంది.

"అయితే ఇది విను. చట్టం సంగతి అలా ఉంచు. మా దీవిలో మీ ఇద్దర్నీ ఎవరైనా ఒక్క మాటన్నారా? అందరిళ్ళలో మీరు తిన్నారు, అందరూ మీ రొట్టె తిన్నారు. చర్చిలో పాట ఎత్తుకునేది నువ్వు. మిమ్మల్ని మనుషుల్లా చూడమని మాకు పార్లమెంటు వచ్చి చెప్పాలా? ఇక్కడ అందరికీ అన్నీ ఉన్నాయి. ఏదో లేనివాళ్ళకి కదా చట్టం మార్చాల్సింది! ఎలా ఉంది?"

పొయ్యి దగ్గర పొకీనో చేతులు ఆగాయి.

"బాగుంది," అన్నాడు తురోవా చివరికి. "అన్నిట్లోకీ గట్టిది ఇదే. దీంతో ఇయోతియా కూర్చుంటాడు."

"నీ దగ్గర దీనికి జవాబుందా?"

"ఉంది."

"చెప్పు మరి!"

"చెప్పను."

"అదేం రోగం?"

"చెప్తే అడుక్కున్నట్టు ఉంటుంది అక్కా."

అవ్వకి చురుక్కుమంది. అర్థం కాలేదని అనుకోవడానికి వీల్లేకుండా అర్థమైంది. కోపం కూడా వచ్చింది, ఎవరిమీదో తెలీని కోపం. దాన్ని దాచుకోవడానికి ఇన్నేళ్ళుగా అడగని మాట ఒకటి అడిగేసింది.

"నువ్వసలు ఆ ఓడ ఎందుకు దిగావయ్యా?"

"కట్టెల కోసం దిగా. వంటకి కట్టెలు అయిపోయాయి. మీ తమ్ముడు రేవు దగ్గర కట్టెలు కొడుతున్నాడు. ఒక మోపు మోసుకొచ్చి పెట్టాడు. ఓడ బయల్దేరుతుంటే ఇంకో మోపు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అది అందుకుందామని దిగా. మళ్ళీ ఎక్కలేదు."

"అంతేనా?"

"అంతే. నీ పెళ్ళికి ఇంతకంటే పెద్ద కథ ఉందా?"

అవ్వ ఆలోచించింది. మౌకే దీవి నుంచి కమలాలు అమ్మడానికి వచ్చిన మాతియో, డాన్సులో ఆవిడ కాలు తొక్కాడు. ఇంకేముంది ఆ కథలో? "లేదనుకో," అంది. తర్వాత ఆవిడ నోరు ఊరుకోలేదు. "అయితే నిన్ను మరదలా అని పిలవాలా ఏమిటి నేను?"

"పిలిచి చూడు, రోజూ రొట్టె మాడ్చి పంపిస్తా!"

పొయ్యి దగ్గర్నుంచి, "నేను పంపేది అదేగా ఇప్పుడు," అన్నాడు పొకీనో. ముగ్గురూ నవ్వారు. లేచి వస్తుంటే వరండా చివర సున్నం బకెట్టు, ఎండిపోయిన కుంచె కనిపించాయి. అవ్వ చూపు పసిగట్టి తురోవా నొచ్చుకున్నాడు. "ఈ ఏడు నావల్ల కాలేదక్కా. మాతియో బావది మరీ నల్లబడింది. పొకీనోకి చెప్పాలే."

ఏటా వాకిట్లో సమాధులన్నిటికీ సున్నం కొట్టేది అతనే. అవ్వ ఏటా చూస్తూనే ఉంది.

ఉవాపౌ రోజు చావడి కిటకిటలాడిపోయింది. ఆడవాళ్ళ టోపీలు తప్ప వెనకవాళ్ళకి ఏమీ కనబడలేదు. డప్పులు మోగాయి, మావాళ్ళు పైకప్పు లేచిపోయేలా పాడారు. తురోవా గొంతు లేక పాట మొదట్లో కాస్త తడబడ్డారు గానీ సర్దుకున్నారు. పొకీనో మా వైపు చివరి బల్ల మీద గోడకానుకుని కూర్చున్నాడు.

ముందు ఇయోతియా లేచాడు. మనసొప్పని మాటలైనా పెద్దాయన పనిలో లోటు చెయ్యలేదు.

"మా అమ్మమ్మ డాన్సు చేసిందని ఆరోజుల్లో పట్టుకెళ్ళి రోడ్డు పని చేయించారు. డాన్సు పాపం అన్నది అప్పటి చట్టం! ఇవాళ మా మనవరాలు అదే డాన్సు చేసి పెద్ద దీవి నుంచి కప్పు పట్టుకొచ్చింది. ఆ కప్పు మా ఇంట్లోనే ఉంది, వచ్చి చూసుకోండి. చట్టం పోయింది. మా ఇల్లు కూలిందా? చర్చి కూలిందా? అప్పుడు పాపమన్నదాన్ని ఇప్పుడు పాస్టరు గారే ముందు వరసలో కూర్చుని చూస్తున్నారు!"

తూర్పూరు బల్లలు దద్దరిల్లాయి. పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. అకైతి అవ్వ లేచి టోపీ సర్దుకుంది.

"ఒక చిన్న సందేహం నాయనా. డాన్సు అయిపోయాక మీ మనవరాలు ఇంటికొచ్చింది. రేపు నీ మనవడు ఒక మగవాడి చెయ్యి పట్టుకుని ఇంటికొస్తే ఏం చేస్తావ్?"

"రేపటిది చెల్లదు," అన్నారు పాస్టరు గారు వెంటనే. "జరిగింది అడగాలి." తూర్పూరు వాళ్ళు ఈలలు వేశారు. అవ్వకి అలా తప్పులో కాలెయ్యడం అలవాటు లేదు. ఒక్క క్షణం తడబడి, తన అసలు మాట బయటికి తీసింది.

ఎంత బాగా చెప్పిందని! వరండాలో తురోవా ముందు చెప్పిందే, కానీ చావడిలో ఆ గొంతే వేరు. "రుజువు నా ఇంట్లోనే ఉంది. నా తమ్ముడున్నాడు, తురోవా ఉన్నాడు. ఆ ఇద్దర్నీ ఎవరైనా వెలివేశారా? ఎవరైనా తలుపు మూశారా? ఆ చట్టం ఉండగానే వాళ్ళు మా మధ్య తలెత్తుకుని బతికారు. ఇక్కడ అందరికీ అన్నీ ఉన్నాయి. ఏం తక్కువైందని చట్టం మార్చాలి?"

మావాళ్ళు లేచి కాళ్ళతో నేల దంచారు. తూర్పూరు వాళ్ళలో కూడా తలలు ఊగాయి. ఇయోతియా పని అయిపోయింది. పెద్దాయన గడ్డం గోక్కున్నాడు, చుట్టూ చూశాడు. పాపం ఏమీ తోచక, తోచేదాకా కాలక్షేపానికన్నట్టు, "ఆ ఇంటినే రుజువన్నావు కదా. ఆ ఇంటి వాకిట్లో పడుకున్నవాళ్ళ పేర్లు చెప్పు అవ్వా," అన్నాడు.

"దానికేం, చెప్తా. మా తాత అరీకీ. మా నాన్న తేరే. మా అమ్మ వైనేరీ. పసితనంలో పోయిన మా చెల్లి నానే. మా ఆయన మాతి..."

అక్కడ ఆగింది.

ఎవరో నీళ్ళు అందించారు. అవ్వ తీసుకోలేదు. సున్నం బకెట్టు గుర్తొచ్చింది ఆవిడకి. మౌకే నుంచి వచ్చిన మాతియో. పెళ్ళయ్యాక ఎంత కాలం ఉన్నాడని ఇక్కడ! పని కోసమని న్యూజిలాండ్ వెళ్ళాడు, ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నాడు, చివరికి పెట్టెలో తిరిగొచ్చాడు. వచ్చినరోజే వాకిట్లో గొయ్యి తవ్వారు. తవ్వింది పొకీనో, తురోవా. మావాడా బయటివాడా అని ఆరోజు ఎవరి నోటా రాలేదు.

చివరి బల్ల మీద పొకీనో తన కాళ్ళకేసి చూసుకుంటున్నాడు. చోటు అడిగిన సంగతి ఈ చావడిలో ఆ అక్కాతమ్ముళ్ళకే తెలుసు. "మాతియో" అని పూర్తిచేసి ఊరుకుంటే గెలిచినట్టే. అవతలివాడి దగ్గర ఇంక ప్రశ్న లేదు.

"ఇయోతియా," అంది అవ్వ మెల్లిగా. "నువ్వు అడగాల్సింది అది కాదు. మా ఆయన ఏ దీవివాడో అడుగు."

ఇయోతియా తెల్లబోయాడు. "ఏ... ఏ దీవివాడు?"

"మౌకే. ఎవర్ని అడిగి మా వాకిట్లో పెట్టామో అడుగు."

"ఎవర్ని అడిగారు?"

"ఎవర్నీ అడగలేదు. నా మొగుడు కదా! అడగాలని ఎవరికీ తోచనే లేదు. ఇప్పుడు తురోవాకి చోటుందా అని అడుగు."

పెద్దాయనకి అప్పటికి వెలిగింది. గొంతు తగ్గించి, అడగలేక అడిగాడు. "తురోవాకి... చోటుందా అకైతీ?"

"నా తమ్ముడు వచ్చి అడిగాడు. గుమ్మంలో నిలబడి అడిగాడు. మా ఆయన కంటే ఎక్కువ కాలం ఆ ఇంట్లో ఉన్న మనిషి కోసం, మా ఆయన సమాధికి ఏటా సున్నం కొట్టే మనిషి కోసం అడిగాడు. నేను చూద్దామన్నాను." అవ్వ చావడంతా ఒకసారి కలియజూసింది. "అందరికీ అన్నీ ఉన్నాయన్నాను. లేవు. కొందరు అడగాలి, కొందరు అడగక్కర్లేదు. నా ఇంట్లోనే అలా ఉంది. ఇదీ నా రుజువు."

టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తూర్పూరు వాళ్ళు గెలిచిన పాట ఎత్తుకున్నారు, అదీ కాస్త మొహమాటంగానే. మావాళ్ళు ఊరుకుంటారా! "ఒక్క మాట మింగేసుంటే గెలిచేవాళ్ళం కదా అవ్వా," అని కొందరు, "ఇంటి గుట్టు చావడిలో పెడతారా ఎవరైనా," అని కొందరు. బొంత దగ్గర దారం కొరికినావిడ అయితే, "నేను చెప్పలేదూ, నేలలో చోటు దాకా వస్తుందని!" అని అందరికీ గుర్తుచేసింది. అవ్వ కట్టుబాటు ప్రకారం నేల పొయ్యి దగ్గరికెళ్ళి పంది మాంసం పళ్ళెం ఎత్తబోయింది. బరువుకి పళ్ళెం ఒక పక్కకి ఒరిగింది. రెండో వైపు ఎవరో పట్టుకున్నారు. పొకీనో. ఇద్దరూ కలిసి తూర్పూరు బల్లలన్నిటికీ వడ్డించారు.

ఇయోతియా పళ్ళెం మీదికి వంగి గుసగుసగా, "అవ్వా, ఒట్టు, నేనేం చేశానో నాకే తెలీదు," అన్నాడు. ఆ మాట ఆయన ఆ ఒక్కరోజే అన్నాడు. ఇప్పుడడిగితే ఆ ప్రశ్న వెనక ఎంత ఆలోచన ఉందో పొద్దుగూకేదాకా చెప్తాడు.

ఎండ తగ్గాక మిగిలిందాంట్లోంచి చామదుంపలు, కాస్త మాంసం ఆకులో కట్టుకుని అవ్వ ఇంటికొచ్చింది. వాకిట్లో చాలాసేపు అటూ ఇటూ నడిచింది. కాలితో కొలిచింది, నిమ్మచెట్టు మొదలు తట్టి చూసింది. ఆ తర్వాత వెనకింటి వరండాకి వెళ్ళింది.

"ఓడిపోయావట," అన్నాడు తురోవా.

"అప్పుడే ఎవరు మోశారు?"

"ఎవరూ మొయ్యలేదు. గెలిచిన పాట తూర్పూరు గొంతులో వినబడింది. నా మాట నమ్మి ఓడిపోయావా? అది గట్టిదన్నానే!"

"గట్టిదే. నాకు సరిపోలేదు."

"ఇప్పుడు చట్టం తీసెయ్యాలంటావా మరి?"

"ఏమో! పాస్టరు గారు ఒక మాటన్నారు, అది ఇంకా తేలలేదు నాకు. ఆయన్ని అడగాల్సినవి ఉన్నాయి, నిన్నూ అడగాల్సినవి ఉన్నాయి. నువ్వు మాత్రం తొందరపడి పోకు." అవ్వ ఆకు విప్పి అతని ఒళ్ళో పెట్టింది. "చోటు చూసొచ్చా. పొకీనో చోటుకి ఇటుపక్క. నిమ్మచెట్టు వేళ్ళు కొన్ని కొట్టాలి, అంతే."

తురోవా దుంప ముక్క చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

"ఆక్లండ్ వాళ్ళని అడిగావా అక్కా?"

"లేదు."

"పాస్టరు గారిని?"

"ఎవర్నీ అడగలేదు," అంది అవ్వ. "మాతియో కోసం అడిగామా ఏమిటి? తిను, చల్లారిపోతోంది."